కన్వర్టర్ తీయని రోజు

“ఆ సంచికి టికెట్ తీశారా?”

బస్సు అప్పటికి గంటన్నరగా గతుకుల్లో మూలుగుతూ పోతోంది. కిటికీ పక్కన కూర్చున్న ఫొటోగ్రాఫర్ కొంగ తల తిప్పకుండానే, పక్క సీటు మీది సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అడిగినవాడు కూర్చున్నాక గానీ చూడలేదు. బామ్మర్ది. నాలుగేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వాడూ అప్పుడే చూశాడు. లేవబోయాడు గానీ, నిలబడ్డవాళ్ళు అప్పటికే సందంతా నింపేశారు.

“ఖర్మ,” అన్నాడు బామ్మర్ది.

“నాకూ అంతే,” అన్నాడు కొంగ.

ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. తప్పించుకు తిరిగే మనిషి వీధుల్లో ఎదురుపడడు, ఉత్తరం రాయడు, చావుకి పిలిచినా రాడు. బస్సులో మాత్రం సరిగ్గా పక్క సీటులోనే దొరుకుతాడు.

కొంగ అని ఎందుకంటారంటే, మెడ పొడుగు, ఒంటికాలి మీద బరువేసి గంటలకొద్దీ కదలకుండా నిలబడే అలవాటు, ఆపైన చూపెప్పుడూ దూరంగా ఉన్నదాని మీదే. ఇరవై ఆరేళ్ళుగా ఫొటోలు తీస్తున్నాడు గానీ, ఆటల పోటీలూ నీటిపక్షులూ తప్ప మరొకటి తీయలేదు. రెండూ ఒకటే పని అంటాడు. రెండూ దగ్గరికి రానివ్వవు, రెండూ చెప్పినట్టు వినవు.

అలాంటివాళ్ళ కోసమే కన్వర్టర్ అనే వస్తువు పుట్టింది. అరచేతిలో పట్టే లావుపాటి రింగు, లోపల గాజు. కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగిస్తే దూరాన ఉన్నది మరికాస్త దగ్గరికొస్తుంది. ఊరికే రాదు. వెలుతురులో సగం మింగేస్తుంది, ఫోకస్ తడబడుతుంది, ఎండ మండేటప్పుడు నేల మీద లేచే సెగని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. కళ్ళజోడు కనిపెట్టిన నాటినుంచి గాజుతో బేరమాడి నెగ్గినవాడు లేడు. కొంగ వాడే జూమ్ లెన్సుతో మరో పేచీ కూడా ఉంది. వంద నుంచి అయిదు వందల మిల్లీమీటర్ల దాకా సాగే లెన్సు అది. కన్వర్టర్ ముందు గాజు దాని లోపలికి పొడుచుకొస్తుంది కాబట్టి, ముందు లెన్సుని మూడు వందల దాకా లాగి అప్పుడు బిగించాలి. బిగించాక మూడు వందలకి ఇవతలికి తేలేం. దూరంగా ఉన్నది దొరుకుతుంది, దగ్గరికొచ్చింది ఫ్రేములో పట్టదు.

“ఎదురొచ్చేవాడు సగం దూరం దాటగానే కన్వర్టర్ పీకేయండి, లేదంటే రెండో కెమెరా ఎత్తండి,” అని తన దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే చెబుతాడు. మర్చిపోయినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాడు కూడా.

నాలుగేళ్ళ కిందట సైకిల్ పందెంలో మర్చిపోయింది మాత్రం తనే.

ఆ పందెంలో బామ్మర్ది ఉన్నాడు. గెలిస్తే జాతీయ జట్టులో చోటు. వయసు మీదపడుతున్న మనిషికి అదే ఆఖరి అవకాశం. దూరపు మలుపులో దుమ్ము రేపుకుంటూ వస్తున్న గుంపుని కన్వర్టర్‌తో తీసి, ఆ బొమ్మ చూసుకుని కొంగ మురిసిపోతూ ఉండగానే ఇద్దరు సమంగా గీత మీదికి వచ్చేశారు. జూమ్ వెనక్కి తిప్పాడు. టక్కున ఆగిపోయింది. దొరికింది సగం హెల్మెట్టూ ఒక చెవీ. చక్రాల ఊసే లేదు. నిర్వాహకుల కెమెరాని తోపులాటలో జనం పడగొట్టేశారు, కాబట్టి నిర్ణేతలు కొంగ ఫొటోనే అడిగారు. చెవిని చూసి గెలుపు తేల్చడం వాళ్ళ వల్ల కాలేదు. కంటికి కనబడిందే లెక్క అని అవతలివాడికి ఇచ్చేశారు.

అంతకు వారం ముందే బావాబామ్మర్దులు అన్నాల దగ్గర గొంతులు చించుకుని పోట్లాడుకున్నారు. దాంతో ఇంటిల్లిపాదీ ఒకే మాట: పగ తీర్చుకున్నాడు. “కావాలని చేశారా?” అని భార్య సూటిగా అడిగింది. కొంగ నోరు విప్పలేదు. పొరపాటు అంటే పని రానివాడైపోతాడు. ఊరుకుంటే చెడ్డవాడు మాత్రమే అవుతాడు. అదే నయమనిపించింది. ఆవిడ పెట్టె సర్దుకుని తమ్ముడింటికి వెళ్ళిపోయింది.

“ఎటు?” అన్నాడు బామ్మర్ది, సంచి వంక చూస్తూ.

“చెరువు దగ్గరికి. పక్షులు దిగాయట.”

“వాటి మీదేం పగ?”

ముందు సీట్లో పేపరు చదువుతున్నాయన పేజీ తిప్పడం మానేశాడు.

“నోరు అదుపులో పెట్టుకో.”

“పెట్టుకున్నాను కాబట్టే నువ్వింకా తలెత్తుకు తిరుగుతున్నావ్. అక్క ఇప్పటికీ గేటు చప్పుడైతే తొంగి చూస్తుంది, తెలుసా? నాకు ఒళ్ళు మండిపోతుంది. పొరపాటు జరిగిందని ఆ నోటితో ఒక్కసారి అంటే రేపే నీ ఇంటికి వెళ్ళిపోతానంటుంది. పగతో చేసుంటే మాత్రం ఆ గడప తొక్కదట. మొన్న కూడా అంది.”

కొంగ ఇటు తిరిగాడు. “మొన్నా?”

“మొన్నే. నీ పాత స్వెటర్ మడతపెడుతూ.”

బస్సు గోతిలో పడి లేచింది. సంచి జారబోతే బామ్మర్ది పట్టుకున్నాడు. అక్క పెళ్ళైన కొత్తలో ఈ సంచులు మోసింది వాడే. లోపల పట్టక లెన్సు సగం బయటికే ఉంది.

“ముడుచుకోదా ఇది?” అంటూ లెన్సు మీది జూమ్ రింగు తిప్పాడు. ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు.

“ముట్టుకోకు. కన్వర్టర్ ఉంది, అంతకన్నా రాదు.” పని గురించి అడిగితే శత్రువుకైనా జవాబు చెప్పకుండా ఉండలేడు, అదొక జబ్బు.

బామ్మర్ది వేళ్ళు రింగు మీదే ఉండిపోయాయి. సైకిళ్ళు విప్పి బిగించిన వేళ్ళవి, ఎక్కడ ఏది అడ్డుపడుతోందో వాటికి తెలుస్తుంది.

“ఆ రోజు కూడా ఇది ఉందా?”

కొంగ సంచిని తనవైపు లాక్కున్నాడు.

“అంటే ఆ చెవి, నువ్వు గత్యంతరం లేక తీసిన చెవా?” వాడికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, వల్ల కాలేదు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. “నీ మొదటిరోజు పాఠమే కదా బావా ఇది. మూలన కూర్చుని నేనే ఎన్నిసార్లు విన్నానో. నాలుగేళ్ళుగా నిన్ను రాక్షసుణ్ణి చేసి తిట్టుకున్నాను. ఇంత తెలివితక్కువ పనని తెలిస్తే ఎప్పుడో వదిలేద్దును.”

పేపరాయన భుజాలు కూడా ఊగుతున్నాయి.

“పొరపాటే కదా? ఊఁ అను చాలు.” వాడి గొంతు మెత్తబడింది. ఫోను బయటికి తీశాడు. “అక్కకి ఇప్పుడే చెబుతాను.”

ఆ ఊఁ నాలుక చివరిదాకా వచ్చింది. వాడి పెదవుల మీద మాత్రం ఆ నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు.

“కాదు,” అన్నాడు కొంగ. “ఇరవై ఆరేళ్ళుగా తీస్తున్నాను, ఆ మాత్రం తెలీదా నాకు? కావాలనే ఉంచాను.”

బామ్మర్ది నమ్మలేదు. నమ్మలేదని మొహమే చెబుతోంది. “అక్కకి ఇదే చెప్పమంటావా?”

“ఇదే చెప్పు.”

ఎవరో చెయ్యెత్తితే బస్సు ఆగింది. కొంగ సంచి భుజానేసుకుని, నిలబడ్డవాళ్ళని తోసుకుంటూ దిగిపోయాడు. చెరువు ఇంకా నాలుగు కిలోమీటర్లుందని కండక్టర్ అంటూనే ఉన్నాడు. బామ్మర్ది కిటికీలోంచి తల బయటపెట్టి “బావా” అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. కొంగ అప్పటికే టీకొట్టు దాటి, ఎండలో రోడ్డు వారగా నడిచిపోతున్నాడు.