బిర్యానీ రంగు

ఈ ఉదయం స్నానాల గదిలో సన్నగా సుయ్‌మని చప్పుడు వినిపించింది. వంటగదిలోకి వెళ్లి బిర్యానీ రంగు డబ్బా తెచ్చాను. మూత తీస్తుంటే పిన్నిలాంటి షాహీదా ఖాలా గుర్తొచ్చింది. ఖాలా ఇప్పుడు లేదు. ఆమె బిర్యానీ గురించి చెప్పేవాళ్లు ఇస్నాపూర్‌లో చాలామంది ఉన్నారు. అదే రంగుతో ఆమె నా గది పోకుండా నిలబెట్టిన సంగతి మాత్రం నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అందుకే రాసి పెడుతున్నాను.

అప్పుడు నేను పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తూ, ఇస్నాపూర్‌లో ఒక్కదాన్నే కిరాయి గదిలో ఉండేదాన్ని. తలుపు వేసుకుని నచ్చిన పుస్తకం చదువుకోవడానికి నాకు దొరికిన మొదటి చోటు అది. ట్యాంకర్ నీళ్లు కొనాల్సి వస్తోందని ఓనర్ యాదగిరి గారు గదికో మీటరు పెట్టించారు. ఆ నెల నా బిల్లు, పక్కగదిలో ఉండే నలుగురు ఒడిశా కార్మికుల బిల్లుతో సమానంగా వచ్చింది.

"ఒక్కదాన్నే ఉంట అన్నవ్ గద కరుణా! ఎవర్నన్న తెచ్చి పెట్టుకున్నవా ఏంది?" అని మెట్ల దగ్గర అందరూ వినేలా అడిగారు. "వచ్చే నెల గూడ గిట్లనే వస్తే రూమ్ ఖాళీ చెయ్యాలె."

ఆ మాట నన్ను నిలవనివ్వలేదు. లైబ్రరీకి వెళ్లి ఇంటి నీటి వాడకం మీద ఉన్న పుస్తకం తెచ్చాను. పొదుపు అధ్యాయం చదివి, అక్కడే ఆగి, వెంటనే మొదలుపెట్టాను. ఒక్క బకెట్టుతో స్నానం, బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తొలవడం. మీటరు మాత్రం తన దారిన తిరుగుతూనే ఉంది.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి రాగానే ఎదురుగది ఖాలా వచ్చింది. ఆమెదీ ఒంటరి కాపురమే. ఫంక్షన్లకు బిర్యానీ వండి ఇచ్చేది. మంచినీళ్లు ఇస్తే గ్లాసు ఎత్తి చూసింది.

"సగమే పోసినవ్ ఏంది బేటీ? నేనేమన్న పూలకుండీనా?"

సిగ్గుతో సంగతంతా చెప్పాను. ఆమె స్నానాల గది వైపు చెవి పెట్టి విని, "లెట్రిన్ల సుయ్‌మంటున్నది, ఏందది?" అంది. నాకు ఆ చప్పుడు అలవాటైపోయింది. పుస్తకం మళ్లీ తెరిస్తే చివరి పేజీల్లో ఉంది: ఫ్లష్ ట్యాంకులో రంగు కలిపి, నొక్కకుండా కాసేపు ఆగి చూడాలట; రంగు కిందికి దిగితే ట్యాంకు కారుతున్నట్టేనట. నేను పసుపు డబ్బా అందుకున్నాను.

"తోబా తోబా! పసుపు తీస్కపోయి లెట్రిన్ల పోస్తవా? ఓనరమ్మ చూస్తే ఇయ్యాలే ఖాళీ చేపిస్తది!" అని తన గదికి పరుగెత్తి బిర్యానీ రంగు తెచ్చింది.

అది ట్యాంకులో కలిపి, చాయ్ తాగి వచ్చి చూస్తే తెల్లటి లెట్రిన్ బేసిన్‌లో నారింజ చార దిగుతోంది. ఖాలా మెట్ల మీదికి వెళ్లి కేకేసింది. "యాదగిరి భయ్యా, జల్దీ రా! కరుణ దాచిపెట్టిన మనిషి దొరికిండు!"

ఆయన ఉరుకుతూ వచ్చి, ఆ చారను చూసి తల గోక్కున్నారు. "వాషర్ పోయింది. నేనే నిన్ను తప్పుగ అనుకున్న బిడ్డా."

"మెట్ల కాడ అన్నవ్ గద, మెట్ల కాడనే చెప్పు," అంది ఖాలా.

ఆయన మెట్ల దగ్గరికి దిగి వెళ్లి పక్కగది వాళ్లతో, "లీకేజ్ థా భాయ్, మేడమ్ అకేలీ హీ హై," అన్నారు, నీళ్లు కారిపోయాయనీ నేను ఒక్కదాన్నే ఉంటున్నాననీ. తరువాతి నెల బిల్లు బాగా తగ్గింది. ఆ గదిలో ఇంకా ఎన్నో పుస్తకాలు చదివాను.

ఈ ఉదయం కూడా చార దిగింది. వాషర్ నేనే మార్చుకున్నాను. ఆ పుస్తకం వెతికిచ్చిన లైబ్రరీ సుజాత మేడమ్‌కు, వాషర్ మార్చడం నేర్పిన ప్లంబర్ నర్సింలు అన్నకు, మెట్ల దాకా దిగి వచ్చిన యాదగిరి గారికి కృతజ్ఞతలు. షాహీదా ఖాలా, నీకు కూడా. నీళ్లు ఊరికే పోనివ్వడం లేదు. కానీ ఇంటికి ఎవరొచ్చినా గ్లాసు నిండా పోస్తున్నాను. ఎవరినీ పూలకుండీని చేయలేదు.