జిల్లేడు దూది వాలిన చోటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇద్దరికి ఊపిరి సరిగ్గా ఆడేది కాదు. ఒకరు మా తాతయ్య, ఇంకొకరు నేను. తాతయ్య వయసులో ఉన్నన్నాళ్ళూ బొగ్గుబాయి దిగి ఎక్కిన మనిషి కాబట్టి ఆయన ఆయాసానికి కారణం ఎవరూ వెతకలేదు. నా సంగతే ఎవరికీ అంతుపట్టేది కాదు. నాకప్పుడు పదేళ్ళు కూడా నిండలేదు. సాయంత్రమయ్యే సరికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. రాత్రిళ్ళు ఇటు నేను, అటు తాతయ్య, ఒకరి దగ్గు ఒకరు వింటూ కూర్చునేవాళ్ళం. నడుమ గదిలో అమ్మకూ బాపుకూ నిద్ర ఎక్కడ ఉంటుంది? ఎనభైల నాటి మా గోదావరిఖని ఇల్లు తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ నిద్ర చాలని ముఖాలే.

మాది బొగ్గు కంపెనీ క్వార్టరు. రెండు గదులు, వాటి వెనక వంటిల్లు, దాని వెనక చిన్న పెరడు. ఆ పెరట్లో బాపు రేకుల షెడ్డు వేసుకుని ఒక రంపం మిషను బిగించుకున్నాడు. బాయిలో ఆయన పని కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం. ఆ కర్రకు నునుపు అక్కర్లేదు, బరువు మోస్తే చాలు. అందుకేనేమో, మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, స్నానం చేసి రెండు ముద్దలు తిన్నాక, అంత అలసటలోనూ ఆ షెడ్డులోకి వెళ్ళి మళ్ళీ కర్రే పట్టుకునేవాడు. తలుపులు, పీటలు, పక్కింటివాళ్ళ పసిపిల్లకు ఊయల. టేకు చెక్కను కోసి, రంద పట్టి, అరచేత్తో నిమిరి చూసుకునేటప్పుడు మాత్రమే బాపు ముఖంలో షిఫ్టు కనిపించేది కాదు. చీకటి పడేదాకా మిషను గోల ఆగేది కాదు.

ఇక దుమ్ము. మా ఊళ్ళో దుమ్ము ఎక్కడిదని అడిగేవాళ్ళు ఉండరు. ఆరేసిన బట్టల మీద, నీళ్ళ బిందె మూత మీద, చెవుల వెనక, అంతా బొగ్గే. కాబట్టి మా ఇంట్లో పడే దుమ్మునంతా మేము బొగ్గు ఖాతాలోనే వేశాం. అమ్మ పొద్దున ఊడ్చేది, మధ్యాహ్నం ఊడ్చేది, దీపాలవేళ మళ్ళీ ఊడ్చేది. చీపురు పక్కన పెట్టి నడుం పట్టుకుని నిలబడితే, అప్పుడే ఊడ్చిన చోట మళ్ళీ ఒక పొర కనిపించేది. ఆమె ఎవరినీ తిట్టేది కాదు. తిట్టడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

నాకు ఆయాసం ఉందని అమ్మ నా మంచాన్ని ముందు గదిలో, వాకిలికి ఎదురుగా వేయించింది. ఇంట్లో గాలి బాగా ఆడే చోటు అదే. వెనక షెడ్డు తలుపు, వంటింటి తలుపు, ముందు వాకిలి, మూడూ ఒకే వరసలో ఉండేవి. సాయంత్రం అన్నీ బార్లా తెరిచి పెడితే వెనక సందులోంచి గాలి జివ్వుమని వచ్చేది. బడి నుంచి రాగానే నేను ఆ గాలికి పడుకునేదాన్ని. పిల్లకు చల్లగా ఉందని అందరూ సంతోషించేవారు.

ఒకసారి కూతలు బాగా ఎక్కువై దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ నా వీపు మీద చెవిగొట్టం పెట్టి విని, ఈ పిల్లను దుమ్ముకు దూరంగా ఉంచకపోతే పెద్దయ్యాక కూడా ఇంతేనని చెప్పింది. గోదావరిఖనిలో దుమ్ముకు దూరమవడమంటే ఊరికి కూడా దూరమవడమే. ఇంటికొచ్చాక అమ్మా బాపూ, పరీక్షలు కాగానే నన్ను గోదావరి అవతల జైపూర్ దగ్గర అమ్మమ్మ ఊళ్ళో వదిలి, అక్కడే బడిలో వేయాలని అనుకున్నారు. అటక మీది రేకు పెట్టె దించి, దులిపి, నా మంచం కింద పెట్టారు. నేను ఏడ్వలేదు. ఏడిస్తే ఆయాసం వస్తుందని భయం. మంచం మీద పడుకుని చెయ్యి కిందికి చాపితే ఆ పెట్టె మూత చల్లగా తగిలేది. పోవాలని లేదని ఎవరికి చెప్పాలో తెలియక ఆ మూతనే గోటితో గీకుతూ ఉండేదాన్ని.

ఆ గీకుడు విన్నది మా తాతయ్య ఒక్కరే. బాయిలో ఆయనది గాలి పని. భూమి లోపల గాలి తనంతట తాను పోదు, దానికి దారి చూపాలి. మంచి గాలి ఒక దారిన లోపలికి రావాలి, పనివాళ్ళ దగ్గర దుమ్మూ వేడీ ఎత్తుకుని ఇంకో దారిన బయటికి పోవాలి. ఆ దారులు మళ్ళించడానికి మందపాటి పరదాలు కట్టడం, చిరిగితే కుట్టడం, గాలి ఎక్కడ తప్పిపోతోందో నడిచి చూసి రావడం, ఇదే ఆయన ఉద్యోగం. మాకు మాత్రం ఆయన మూలన కూర్చుని దగ్గే ముసలాయన. ఆయనను ఇంట్లో ఎవరూ ఏదీ అడిగేవారు కాదు.

ఒక ఆదివారం పొద్దున ఆయన కర్ర తీసుకుని నన్ను వెంట రమ్మన్నాడు. రైలు కట్ట పక్కన జిల్లేడు పొదలు ఉండేవి. అది ఎండలు ముదిరే కాలం, కాయలు ఎండి పగులుతున్నాయి. నాలుగడుగులు వేయడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ నాలుగడుగులు. ఆయన ఆగినప్పుడల్లా నేనూ ఆగేదాన్ని, నాకూ ఆ విరామం కావాలి కాబట్టి. ఎండిన కాయలు మాత్రమే కోసి తువాలులో మూట కట్టుకున్నాడు. పాలు కంట్లో పడతాయని నన్ను ముట్టనివ్వలేదు. ఈ కాయలెందుకు తాతా అంటే మూట భుజాన వేసుకుని ఇంటి దారి పట్టాడు.

ఇంటికొచ్చేసరికి బాపు షెడ్డులో టేకు చెక్క కోస్తున్నాడు. తాతయ్య మిషను ఆపొద్దని సైగ చేసి, రంపం పక్కన నిలబడి, ఒక కాయ చీల్చి అందులోని దూది ఊదాడు. తెల్లటి పింజలు పైకి లేచాయి.

"దాని ఎంబడి పో బిడ్డా. యాడ వాల్తదో గాడ నిలబడి నన్ను పిలువు," అన్నాడు.

నాకు అది ఆటే. ఒక పింజను చూపుతో పట్టుకుని వెంట నడిచాను. అది పెరడు దాటింది, వంటింట్లోకి దూరింది, పొయ్యి ముందు కూర్చున్న అమ్మ తల మీదుగా పోయింది. నడుమ గదిలో కాసేపు తచ్చాడి, ముందు గదిలోకి వచ్చి నెమ్మదిగా దిగి, నా దిండు మీద వాలింది.

"తాతా, నా మంచమే!" అని అరిచాను. ఇంకోటి వదిలాడు. అది నా దుప్పటి మీద వాలింది. ఇంకోటి వాకిలి గడపకు తట్టుకుని వెనక్కి వచ్చి మంచం కోడుకు అంటుకుంది. నేను పందెం గెలిచినట్టు చప్పట్లు కొడుతున్నాను. మిషను ఆగిన సంగతి కూడా గమనించలేదు. తలెత్తి చూస్తే బాపు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక అమ్మ.

బాపు వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. దుప్పటి మీద అరచెయ్యి పెట్టి ఒకసారి రాసి, ఆ చెయ్యి చూసుకున్నాడు. నల్లగా లేదు. లేత గోధుమ రంగు పిండి. వాసన చూశాడు. టేకు వాసన ఆయనకు వేరే ఎవరూ చెప్పాలా?

తాతయ్య అప్పటికి గోడ పట్టుకుంటూ వచ్చాడు. కోపమేమీ లేదు ఆయన గొంతులో, ఆయాసమే ఉంది. "బాయిల దుమ్ము గాలి పోయే తొవ్వల ఎన్నడన్న పండుకున్నవారా నువ్వు? మరి బిడ్డను గా తొవ్వల్నే పండవెట్టినవు గదా," అన్నాడు.

అమ్మ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గాలి బాగా తగులుతుందని ఆ మంచం అక్కడ వేయించింది ఆమే కదా. ఆ వేళ మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నిందించలేదు, కానీ ముగ్గురు పెద్దవాళ్ళూ ఒక్కసారిగా ఇంకాస్త ముసలివాళ్ళైనట్టు అనిపించింది నాకు.

మరునాటి నుంచి బాపు షెడ్డులోకి వెళ్ళలేదు. డ్యూటీ నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మిషను గోల లేదు, అమ్మ చీపురు కూడా ఒక పూట విశ్రాంతి తీసుకుంది. నా కూతలు తగ్గాయి, కానీ అన్నం దగ్గర బాపు మాటలు కూడా తగ్గాయి. మిషను అమ్మేస్తానని ఆయన అన్నప్పుడు అడ్డుపడింది తాతయ్యే.

"మిషన్ అమ్మితె నీకు ఊపిరాడదు, నడిపితె బిడ్డకు ఆడదు. ఇద్దరికీ ఆడాలె. దుమ్ముకు వేరే తొవ్వ సూపియ్యి."

దుమ్ముకు ఆ దారి చూపించడం ఒక్కరోజులో కాలేదు. బాపు ముందు టేబుల్ ఫ్యాను తెచ్చి రంపం పక్కన పెట్టి, దుమ్మును సందులోకి ఊదించబోయాడు. అది సందులోకి పోలేదు. గిర్రున తిరిగి రేకులకు, గోడలకు, ఆయన మీసాలకు అంటుకుంది. తాతయ్యకు నవ్వు, నవ్వుతో పాటు దగ్గు. తొయ్యకు, గుంజు అని చెప్పాడు. పుట్టిన చోటే పట్టుకోవాలి, గాల్లో కలిశాక దాని వెంట ఎవరు ఉరుకుతారని అడిగాడు. మెకానిక్ పని చేసే పక్కింటి చాచా తన షెడ్డులో పడి ఉన్న పాత కూలరు ఫ్యానూ, ఒక ఇనుప డ్రమ్మూ తెచ్చి ఇచ్చాడు. "అరె భాయ్, పిల్లకంటె ఎక్కువనా ఇది, తీస్కో," అని డబ్బుల మాటే ఎత్తనివ్వలేదు.

రంపం చక్రం చుట్టూ, బల్ల కింద చెక్క పెట్టె బిగించారు. దానిలోంచి రేకు గొట్టం డ్రమ్ములోకి. డ్రమ్ము అడుగున నీళ్ళు, మూతలో గాలిని పైకి గుంజే ఫ్యాను, ఆ గాలి సందులోకి పోయే చోట తడి గోనె. షెడ్డుకూ వంటింటికీ నడుమ తాతయ్య తన చేత్తో పాత టార్పాలిన్ పరదాలు రెండు, ఒకదాని వెనక ఒకటి, కట్టాడు. ముడి వేసేటప్పుడు చూడనైనా చూసుకోలేదు. రెండో రోజే రంద పొట్టు గొట్టంలో ఇరుక్కుని అంతా ఆగిపోయింది. బాపు గొట్టం విప్పి, తిట్టుకుంటూ దులిపి, దాని మూతికి తీగ జాలీ కొట్టాడు. అలసిపోయి ఉన్నాడు, కానీ ఆ తిట్టులో మళ్ళీ పాత బాపు వినిపించాడు.

ఆ తర్వాత తాతయ్య మిగిలిన కాయలు తీశాడు. ఈసారి దూది లేచి, ఒక క్షణం తడబడి, గొట్టంలోకి గబుక్కున దూరింది. ఒక్క పింజ మాత్రం తప్పించుకుని వంటింటి వైపు వచ్చి పరదాకు అంటుకుంది. అక్కడ చిన్న సందు ఉంది. తాతయ్య సూదీ దారం అడిగాడు.

నా ఆయాసం మంత్రం వేసినట్టు పోలేదు. తగ్గుతూ, అప్పుడప్పుడు తిరగబడుతూ, నెమ్మదిగా తగ్గింది. అయినా పరీక్షలయ్యే నాటికి నేను రాత్రంతా పడుకుని నిద్రపోతున్నాను. ఒక పొద్దున లేచి చెయ్యి కిందికి చాపితే పెట్టె తగల్లేదు. అమ్మ దాన్ని మళ్ళీ అటక మీదికి ఎక్కించింది. ఆ రోజు నేను ఏడ్చాను, ఎవరూ వద్దనలేదు.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం తాతయ్యను అడిగాను. బాయిలో కూడా గాలికి దారి చూపించావు కదా, మరి నీకెందుకు ఈ ఆయాసం అని.

"మంచి గాలి తొవ్వల అందరుంటరు బిడ్డా. దుమ్ము గాలి పోయే తొవ్వ సక్కగున్నదా లేదా అని, దాని కొస దాక ఒక్కడు నడిచి సూడాలె. గా ఒక్కన్ని నేను," అన్నాడు. అదేమీ పెద్ద సంగతి కానట్టు తువాలు దులుపుకున్నాడు.

వాకిలికి ఎదురుగా ఉన్న చోటు ఇప్పుడు నిజంగా మంచి గాలి చోటు అయింది. నా మంచం లోపలికి జరిపించుకుని, ఆయన మంచం అక్కడ వేయించాను. నాకిప్పుడు గాలి మార్చితే ఏమొస్తది అని గొణిగాడు కానీ పడుకున్నాడు. ఆయన నిద్రపోయాక, కాయల్లో మిగిలిన ఒక పింజను ఆయన ఛాతీ మీద పెట్టేదాన్ని. అది లేచేది, ఆగేది, దిగేది. మళ్ళీ లేచేదాకా నేనూ ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. ఆ వేసవి తర్వాత ఆయన ఎక్కువ రోజులు ఉండలేదు.

ఇప్పుడు నాకూ యాభై దాటాయి, నాలుగు మెట్లెక్కితే ఆగాల్సి వస్తోంది. ఎవరింటికి వెళ్ళినా నా కళ్ళు ముందు తలుపులూ కిటికీలూ చూసుకుంటాయి. అందరూ చల్లగా కూర్చుని కబుర్లాడుతున్న చోట నాకు కుదురుండదు. ఏదో వంక పెట్టుకుని లేచి, ఆ గాలి పోయే దారి వెంట వెనక గదిదాకా వెళ్ళి, అక్కడ ఎవరు పడుకుని ఉన్నారో చూసి వస్తాను.