వీపు లేని టీవీ

ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీకి వీపు ఉండేది కాదు. ముందు నుంచి చూస్తే బొమ్మ, వెనక నుంచి చూస్తే పేగులు. దాన్ని కూర్చింది నేనే. తమిళనాడు వేలూరులో ఒక రేడియో, టీవీ మరమ్మతు అంగడిలో పని నాది. మరమ్మతు అనే మాటలోనే మత్తు ఉందని అమ్మ దగ్గర హాస్యమాడేవాణ్ణి. మావాళ్ళంతా ఇటుకా సిమెంటు పనివాళ్ళు. తాత కట్టాడు, నాన్న కట్టాడు; విప్పడం మొదలుపెట్టింది మాత్రం వంశంలో నేనే.

టీవీ పెట్టె మా ఊరు గుడియాత్తంలో మా వీధి వడ్రంగి చేత ప్లైవుడ్‌తో చేయించాను. పిక్చర్ ట్యూబు ఒకచోటిది, బోర్డు ఇంకోచోటిది, స్పీకరు పాత రేడియోది. వెనక మూత బిగించలేదు. బిగిస్తే మళ్ళీ విప్పాలి కదా. కంపెనీ టీవీలంటే నాకు చిన్నచూపు. లోపల ఏం దాచుకున్నారో, అన్ని మరలూ బిగించి పైన కాగితం సీలు కూడా అంటించి పంపేవాళ్ళు. నా టీవీ ఏదీ దాచుకోదు, ఏ ముక్క పోతే ఆ ముక్క మార్చుకోవచ్చు అంటూ, వచ్చినవాళ్ళను వెనక్కి తీసుకెళ్ళి మరీ చూపించేవాణ్ణి. వాళ్ళు మర్యాదకు వెనక చూసి, ఆశగా ముందుకొచ్చి కూర్చునేవాళ్ళు.

అప్పుడే మా వీధికి కేబుల్ వచ్చింది, కేబుల్లో ఒక తెలుగు చానెలు వచ్చింది. నా టీవీలో అది పట్టాలంటే వెనక చెయ్యి పెట్టి చిన్న ప్లాస్టిక్ పుల్లతో ట్యూనింగు మర తిప్పాలి. తిప్పింది నిలవదు, వేడెక్కితే జారిపోతుంది, మళ్ళీ తిప్పాలి. లోపల కరెంటు ఉంటుంది, నేను లేనప్పుడు ముట్టుకోవద్దని అమ్మకు గట్టిగా చెప్పాను. మోకాళ్ళు అరిగి అమ్మ సిమెంటు తట్ట మోయడం మానేసిన ఏడాది అది. బతుకంతా పనిచోట తమిళం వింటూ గడిపిన మనిషికి, పగలు ఇంట్లో కూర్చుని తెలుగు సినిమా చూసే భోగం మొదటిసారి అందింది. అందిందనే అనుకున్నాను. నేనేమో పొద్దున రైలుకు పోయి, దీపాలు పెట్టాక వచ్చేవాణ్ణి.

ఒకరోజు వేలూరులో బంద్ అని అంగడి మూసేస్తే మధ్యాహ్నమే తిరిగొచ్చాను. ఇంటికి తాళం. చూస్తే పక్కింటి గడప బయట, చెప్పుల పక్కన, కొంగు నెత్తిన కప్పుకుని అమ్మ కూర్చునుంది. మెడ చాచి లోపలి టీవీ చూస్తోంది. ఇంట్లోవాళ్ళు అడ్డంగా నడిచినప్పుడల్లా అమ్మ తల అటూ ఇటూ వంగుతోంది.

పక్కింటి అత్త నన్ను చూసి, "ఏమప్పా మెకానిక్కు, మీ అమ్మని లోపలికి రమ్మన్నా రాదు. నీ టీవీ వీపు గోకేదానికి పొద్దస్తమానం నువ్వే ఉండాల్నా?" అంది.

అమ్మ లేచి వచ్చింది. తాళం తీస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. "నీ టీవీ నీకు బాగుండాది నాయనా. నాకు నొక్కితే ఎలగాల, అంతే. లోపల ఏముండాదో నాకెందుకు? దినమూ నిన్ను అడుక్కునేదాని కంటే వాళ్ళ గడపే మేలు."

అమ్మకు టీవీ ఇచ్చాననుకున్నాను. ఇచ్చింది అడుక్కోవడానికి ఇంకో కారణం. ఆ రోజు అన్నం తింటూ కూడా నేను తల ఎత్తలేదు.

దసరాకు ముందు కంపెనీ టీవీ కొన్నాను, సీలుతో, రిమోటుతో. అమ్మకు అంకెలు రావు. అయినా గోడ కట్టేవాళ్ళ ఇంటి మనిషి. రిమోటు చూసి, తెలుగు చానెలు "కింద నుంచి రెండో వరస, నడిమి ఇటుక" అని ఒక్కపూటలో పట్టేసింది. పక్కింటికి పోవడం మానేసింది. నేను లేకుండానే మా ఇంట్లో సినిమాలు నడిచాయి. నాకు సంతోషమే, కాస్త వెలితి కలిపిన సంతోషం.

ఆయుధపూజ వచ్చింది. మా ఇళ్ళలో ఆ రోజు తాపీ, గోడ నిలువు చూసే తూకపుగుండు, తట్టలు అన్నీ కడిగి గంధం, కుంకుమ పెడతారు. ఆ ఏడు టీవీకీ పెట్టింది అమ్మ. ఆ మర్నాటి నుంచి రిమోటు పనిచేయలేదట. తానే చెడగొట్టాననే భయంతో నాకు చెప్పలేదు. మళ్ళీ గడప దగ్గర కూర్చుంటోందని అత్త చెబితే తెలిసింది.

నాకు బాధ కలగాలి. కలిగింది సంబరం. మూసిపెట్టిన సరుకు ఇంతేనని అమ్మకు ఉపన్యాసం ఇచ్చాను. తెర కింది చిన్న మూత తీసి లోపలి మీటలు నొక్కితే బొమ్మ వస్తోంది. రిమోటుకు మాత్రం పలకడం లేదు. బ్యాటరీలు మార్చినా అంతే. లోపలే ఏదో పోయిందని తేల్చేశాను. కంపెనీ మనిషిని పిలవడానికి పరువు అడ్డం. ఆదివారం సీలు గీకేసి, తెర చూడాలనుకున్న మనిషి ఎదుట తెరవడం మొదలుపెట్టాను.

వంటింటి వాకిట్లో నిలబడి అమ్మ అడిగింది. "నేను నొక్కినందుకే పొయ్యిందా నాయనా? గట్టిగా కూడా నొక్కలేదే."

"చూడాల" అన్నాను, పెద్ద డాక్టరు లాగా. ఆ గొంతు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

లోపల అన్నీ శుభ్రంగా ఉన్నాయి. సాయంత్రానికి ఓడిపోయి మూత బిగించాను. ఒక మర మిగిలింది. వేలిముద్రలు పోవాలని తడిగుడ్డతో ముందుభాగం తుడిచాను. తెర కింద, రిమోటు వెలుతురు అందుకునే చిన్న నల్లటి గాజు కన్ను ఉంటుంది. తూకపుగుండు పట్టి కొలిచినట్టు దాని నట్టనడుమ గంధం, కుంకుమ దట్టంగా ఎండిపోయి ఉన్నాయి. టీవీని ముందు నుంచి చూసే అలవాటు నాకు ఎప్పుడో పోయింది. తుడిచి, రిమోటు నొక్కాను. టీవీ వెలిగింది.

అమ్మ గుడ్డ మీది ఎరుపు చూసింది, నన్ను చూసింది. "మొగాన బొట్టుకి వీపు కోసినావా నాయనా?" అంది. అప్పుడే లోపలికొచ్చిన అత్త గోడ పట్టుకుని నవ్వింది. అమ్మ కూడా నవ్వింది, చాలా రోజుల భయం దిగినట్టు. "వచ్చే ఏడు దానికి పెట్టన్లే. నీ కంటికే పెడతా."

నవ్వలేకపోయాను. సీలు పోయింది కాబట్టి ఇక కంపెనీవాళ్ళు రారు. చెడితే మళ్ళీ నేనే దిక్కు. ఆ మాట చెప్పాలి. టీవీ ముందే నిలబడి, నేల చూస్తూ చెప్పాను.

అమ్మ అప్పటికే వరసలు ఎంచి తన ఇటుక నొక్కేసింది. నా వెనక ఏదో తెలుగు సినిమా నడిమి నుంచి మొదలైంది.

"చెడినప్పుడు చూద్దువులే. ఇప్పుడు పక్కకి జరుగు నాయనా, కనపడలా."

జరిగాను.