పాస్టరుగారు దీవించిన హెచ్.యు.ఎఫ్.

ఆ రోజుల్లో మా వైపు పొద్దున తొడిగిన తెల్లచొక్కా సాయంత్రానికి కాషాయంలోకి మారిపోయేది. ఇనుప ఖనిజం లారీలు లేపే ఎర్రదుమ్ము అది. ఎవరూ విసుక్కునేవారు కాదు, అందరికీ అందులో డబ్బు వాసనే వచ్చేది. టీకొట్టు దగ్గర నిలబడ్డ నలుగురిలో ముగ్గురికి టిప్పర్ ఉంటే, నాలుగోవాడు కొనబోతూ ఉండేవాడు. దోణిమలైలో ఒక గని ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నేను ఆ నాలుగోవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నవాడు సొంత పేరుతో వ్యాపారం చేయకూడదని ఆఫీసు రూలు. మరి లారీ ఏ పేరుతో పెట్టాలి, పన్ను ఎలా తగ్గించుకోవాలి అన్నదే నా బెంగ. (లారీ ఇంకా కొనలేదు. పన్ను గురించి మాత్రం అప్పటికే నిద్ర పట్టడం మానేసింది.)

నా పక్క టేబులు మిత్రుడు పొలాలూ టిప్పర్లూ ఉన్న రైతుకుటుంబంవాడు. అందరం డీజిలప్ప అనేవాళ్లం. "హెచ్.యు.ఎఫ్. పెట్టప్పా, మా ఇంట్లో అదే ఉండాది. సర్కారు లెక్కలో నువ్వొక మనిషి, అదొక మనిషి. పన్ను చీలిపోతాది," అని తేల్చేశాడు. అదేమిటని అడిగితే నా బి.కాం.కు నామోషీ అని, "ఓ, అదా!" అని తలూపాను.

ఇంటికెళ్లి అమ్మకు గొప్పగా చెప్పాను. అమ్మ స్త్రీల ప్రార్థన కూడికలో చెప్పింది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి, తలమీద చెయ్యి పెట్టి, "ప్రభువా, నీ బిడ్డ ప్రారంభించే ఈ హెచ్.యు.ఎఫ్.ను వర్ధిల్లజేయుము," అని ప్రార్థించారు. సంఘమంతా ఆమేన్ అంది. బయటికి వస్తుంటే ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆడ కాన్పులు గూడా చేస్తారా నాయనా?" అని అడిగింది.

మర్నాడు బళ్లారిలో ఆడిటరు ముందు కూర్చున్నాను. పెద్దాయన, మాట సగం కన్నడం, సగం తెలుగు. కాగితం ముందుకు లాక్కుని, "సరి, మీ కుటుంబానికి కర్త యారప్పా?" అన్నాడు. మా ఇంటి గుమ్మం మీద "ఈ ఇంటికి కర్త క్రీస్తు" అని అమ్మ రాయించిన పలక చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి. ఇంత భక్తిగల ఆడిటరు దొరికాడని పొంగిపోయి, "యేసుక్రీస్తు, సార్," అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఆయన వచ్చి సంతకం చేస్తారేనప్పా?"

తర్వాత ఆయన నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. హెచ్ అంటే హిందూ అట. హిందూ అవిభక్త కుటుంబం. కర్త అంటే ఆ ఇంటి వ్యవహారాలు చూసే పెద్ద. "క్రైస్తవులకు అది ఆగల్లప్పా, చట్టం ఒప్పదు. పోనీ భార్య పేర పెడదామంటే, డబ్బు నీదైతే ఆదాయం మళ్లీ నీ నెత్తికే చుట్టుకుంటాది."

ఇంటికొచ్చి, పాస్టరుగారు ఏ మతం కుటుంబాన్ని దీవించారో అమ్మకు ఎలా చెప్పాలో తెలియక చాలాసేపు కాళ్లు కడుక్కున్నాను. చివరికి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"హెచ్ సరేరా. యు అంటే ఏంది?"

"అన్‌డివైడెడ్, అంటే అవిభక్త. విడిపోని కుటుంబం."

అమ్మ గుమ్మం మీది పలకవైపు చూసింది. "ముందు మాట వాళ్లదిలే. ఆ నడిమి మాట మనకియ్యరా? అడిగినావా?"

ఎమ్మిగనూరులో వరి పండించే మా అన్నకూ నాకూ అప్పటికి ఏడాదిగా మాటల్లేవు. కోతపండుగనాడు మా ప్రార్థన గుడి ముందర, అందరూ తెచ్చిన పంట కానుకల వేలంలో, అమ్మ పెరట్లో కాయించిన గుమ్మడికాయ కోసం మేమిద్దరం పోటీపడి పాడుకున్నాం. కాయ నాకు దక్కింది, అన్న మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. (కూర చప్పగా ఉంది.) ఏడాదంతా అమ్మ ఒక్క మాట అనలేదు. ఆమె ప్రార్థనలన్నీ దేనికోసమో నాకు ఆరోజు తెలిసింది.

మర్నాడే ఎమ్మిగనూరు బస్సెక్కాను. అన్న గట్టుమీద నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందిరా, లారీ కొంటాండావంటనే. గుమ్మడికాయలు తోలేకా?"

"తోలితే నీతోనే అన్నా."

అన్న నవ్వాపుకోడానికి మడివైపు తిరిగాడు గానీ, భుజాలు కదిలిపోతున్నాయి. "నడు, ఎండలో నిలబడుకున్యావు. ఇంట్లో మీ వదిన సంగటి కెలుకుతాండాది."

అన్నా, మిషన్ స్కూల్లో టీచరైన మా ఆవిడా భాగస్వాములై ఫర్మ్ పెట్టారు; ఆమె వాటా ఆమె సొంత జీతం డబ్బే. ఆడిటరు తల పట్టుకున్నాడు. "ఫర్మ్ అంటే మొదటి రూపాయి నుంచే పన్నప్పా! ఇంత తిరిగి కడకు ఇదేనా?" ఇదే సార్, అన్నాను. పన్ను తగ్గించుకోవాలని బయల్దేరి, ఎక్కువ కట్టే దారి వెతుక్కుని మరీ సంతోషపడ్డ గుమాస్తాను ఆయన మళ్లీ చూసి ఉండడు.

గనులు మూతపడ్డాక టిప్పర్ అమ్మేశాం. అమ్మా లేదు. ఆమె గుమ్మడి విత్తనాలు మాత్రం అన్న ఏటా వేస్తాడు. కోతపండుగలో ఆ కాయ వేలానికి వస్తే, ఒకప్పుడు సంఘమంతా వినేలా పాడిన నేను ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటాను. అన్నే పాడుకుని, గుడి మెట్లమీదే కత్తి తీసి సగానికి కోస్తాడు. పెద్ద సగం నా సంచిలో వేస్తాడు.