అత్త నెత్తిమీద దారి

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయనిది బద్ధకంతో కాదు, అక్షరాలు రాక. అరవై దాటాక మనవరాలి పక్కన కూర్చుని దిద్దుకున్నాను. ఇక వినండి, అక్షరమ్ముక్క రాని కోడలు పటం చదివి అత్తను ఎలా ముంచిందో. నీళ్లలో కాదు లెండి, నీళ్లు లేనిచోట.

అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో, తొమ్మిదో. పెళ్లిచూపుల్లో మావాళ్లు "మూడో తరగతి చదివింది" అనేశారు. ఆ అబద్ధాన్ని పట్టుచీరలా కట్టుకు తిరిగేదాన్ని.

అత్తవాళ్ల అప్ప, అదే అక్క, ఖరగ్‌పూర్‌లో కొడుకు దగ్గరికి పూర్తిగా వెళ్లిపోతోంది. ముసలావిడ, మళ్లీ వచ్చేది లేదు. నౌపడలో మధ్యాహ్నం రైలు. అది కదిలేలోగా అత్త వెళ్లి ఆఖరిచూపు చూసుకోవాలి. వానలకు రోడ్డు తెగింది. మిగిలింది ఉప్పుటేరు, మా తాటిదోనె. దోనె తోయడం నాకు పుట్టింటి విద్యే కానీ, ఆ ఏట్లో దారి తెలిసింది మావకే. ఆయనేమో కాలు విరిగి మంచంమీదున్నాడు.

పాపం, చేట లోపల బొగ్గుతో దారి గీసిచ్చాడు. నాకు నామోషీ వేసింది. కరణంగారింటి నుంచి అచ్చు పటం అడిగి తెచ్చాను.

"ఏటే, రెంటిలో ఏది నమ్ముదుం?" అంది అత్త.

"పటమే అత్తా. సేటని సూసి దోనె తోస్తారేటి?"

"సదివినదానివి, నీ ఇష్టం," అని అత్త ఎండకు చేట నెత్తిన బోర్లించుకుంది.

ఒకచోట ఏరు రెండుగా చీలింది. పంతులమ్మలా కళ్లు చిట్లించి పటం విప్పాను. రైలు బొమ్మ కుడిపక్కనుంది.

"కుడి కాలవ అత్తా!"

"నిజిమేనేటి?"

"ఇక్కడ రాసున్నాది కదా!"

కాలవ సన్నబడింది. చుట్టూ ఉప్పుమడులు, మనిషి జాడ లేదు. ఈలోగా ఆటు తీసి నీరు సముద్రంలోకి లాగేసింది. పులుసు ఇంకిన చట్టిలో చేపముక్కలా దోనె బురదకు అతుక్కుపోయింది.

"ఆ సేట ఇలా తే అత్తా!"

చేటలో గీత ఒక్కటి లేదు. చెమటకు దారంతా అత్త తెల్లజుట్టుకు అంటుకుంది. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్లే నయం, మేం పటం నెత్తిన పెట్టుకుని ఏరంతా తిరిగాం.

అంతలో మడులవతల రైలు. అత్త దోనెలో లేచి నిలబడి చేట ఊపింది.

"అప్పా! ఓ అప్పా!"

రైలు కూత వేసుకుంటూ పోయింది. అక్కచెల్లెళ్లు మళ్లీ కలుసుకోలేదు.

పోటు వచ్చాక ఇల్లు చేరాం. మర్నాడు పొద్దున్నే అత్తకు తలంటు పోశాను.

"అత్తా, నాకు సదువు రాదు."

"తెలుసునే."

"ఎప్పుట్నుంచి?"

"నిన్న నువ్వు పటం విప్పితే రైలు సెక్రాలు ఆకాశం సూస్తన్నాయి. తిరగేసి పట్టుకున్నావు."

"మరి సెప్పలేదేటి!"

"కొత్త కోడలివి, సిన్నబోతావని. దారిలో ఎవుడో ఒకడు అగుపిస్తాడు, అడుగుదుం అనుకున్నాను."

ఆ కుంకుడు నురగ సాక్షిగా, రానిది వచ్చునని చచ్చినా అననని ఒట్టు పెట్టుకున్నాను. మరో చెంబు పోశాను. మావ గీసిన దారి నల్లగా ఆమె వీపుమీద నుంచి జారి, నీళ్లతో పాటు పెరట్లోకి పోయింది.