అక్క తలమీద ఫైబర్‌గ్లాసు పట్టీ

మా అక్క కూతురికి అచ్చంపేటలో కొడుకు పుట్టాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ మర్రిగూడలో ఫ్లోరైడు బావినీళ్ళు తాగి తాగి అక్క నడుము కొయ్యబారింది, మెడ పైకి లేవదు. పురుడు పిల్ల అత్తగారే పోశారు. ఆ చిన్నతనం అక్కను తినేసింది. "ఇరవై ఒకటో దినం తొట్టెలకన్న నన్ను తోల్కపోరా" అని అడిగింది. మామూలు బస్సులో ఆమె కూర్చోలేదు. అందుకే మూలబడ్డ పాత బస్సు కొని, సీట్లు పీకించి, మంచం, పొయ్యి, నీళ్ళ డ్రమ్ము బిగించి ఇల్లు చేశాను. ఊరంతా నవ్వింది. నవ్వితే నవ్వనీ, నేను మొండివాణ్ణి.

పసివాణ్ణి ఉయ్యాలలో వేసే ఆ తొట్టెల వేడుకకు ముందురోజు తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. అక్కకు కుదుపు తగలకుండా నెమ్మదిగా నడిపి ఎనిమిదికి దేవరకొండ చేరేసరికి కుండపోత. కుడి కిటికీల పైన చూరులా ఉండే రేకు పట్టీ తుప్పు తిని ఊడిపోయింది. నీళ్ళు సరిగ్గా అక్క దిండు మీదే పడుతున్నాయి. దిండు కింద పసివాడి కొత్త జుబ్బా ఉంది. అంత పాత బస్సుకు ఆ పట్టీ ఎక్కడా దొరకదు. అది తెలిసే, హైదరాబాదు షెడ్డులో నేర్చుకున్న పనికోసం ఫైబర్‌గ్లాసు అనే గాజునార బట్ట, మందు కలిపితే గట్టిపడే రెజిన్ డబ్బా తెచ్చి పెట్టుకున్నాను. దారిలో చూద్దాంలే అనుకోవడం నా బుద్ధితక్కువ.

రోడ్డు పక్క ఇంట్లో ఉండే తాపీమేస్త్రి మల్లయ్య తన వసారా ఇచ్చాడు. బాగున్న ఎడమ పట్టీని కుడికి మారిస్తే అటు పొయ్యి తడుస్తుంది. అందుకే దాన్ని విప్పి అచ్చుగా పెట్టి, మైనం రాసి, గాజుబట్ట పొరలను రెజిన్‌తో పరిచాను. అక్కకు జొన్నరొట్టె తేవడానికి వెళ్ళి వచ్చేసరికి, పట్టీ మీద తడి గోనెసంచులు!

"నీళ్ళు కొట్టకుంటె పగుల్తది గద, పటేలా" అన్నాడు మల్లయ్య. సిమెంటు పనిలో చేయి తిరిగిన మనిషి, నాకు మేలు చేద్దామనే చేశాడు. రెజిన్ తెల్లబడి బంకబంకగా ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండింది. మిగిలిన బట్ట సగం పట్టీకే వస్తుంది. వెనక్కి పోదామా అనిపించింది.

కిటికీలోంచి అక్క అంది: "బస్సు మొత్తానికెందుకురా? నా తలకాయ మీదికి సాలు. నడువు."

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మల్లయ్య కర్ర పట్టుకుని కోళ్ళను కూడా రానివ్వలేదు. మూడింటికి గట్టిపడింది. రంపంతో అంచులు కోసి, రెండు పట్టీలనూ మరలతో బిగించి, నాలుగింటికి కదిలాం. డిండి మీదుగా ఏడున్నరకు అచ్చంపేట.

మీరూ పాత బండితో ఈ దారి పట్టేటట్లయితే, చూరు పని ఇంటి దగ్గరే ముగించుకోండి. రెజిన్ ఆరేదాకా చుక్క నీరు తగలనివ్వకండి.

తొట్టెలనాడూ వాన తగ్గలేదు. బురదలో అక్కను దించలేక, తొట్టెనే బస్సు కడ్డీకి కట్టాం. పట్టీ లేని సగంలో నేను నిలబడి తడిశాను. నాకేమీ బాధ అనిపించలేదు. జుబ్బా తొడిగి మనవణ్ణి అక్క ఒళ్ళో పెట్టారు. ఎవరి ముఖం చూడాలన్నా మెడ ఎత్తలేని మా అక్కకు, ఆ ముఖం మాత్రం ఎదురుగా కనిపించింది.