పడగ్గదికి వాటమిచ్చిన ఇల్లు

2023, రోహిణి కార్తె. దాచేపల్లి శివార్లో ఓ ఇల్లు చూసి రమ్మని బ్యాంకు నుంచి కాగితం వచ్చింది. నేను నరసరావుపేటలో వాల్యుయర్ని. ఎవరైనా ఇల్లు కొనడానికి లోను అడిగితే, ఆ ఇల్లు చెప్పిన ధర చేస్తుందో లేదో చూసి బ్యాంకుకి రిపోర్టు రాసిస్తాను. నేలకో వెల, కట్టడానికో వెల కట్టి, కట్టడం విలువలో డిప్రిసియేషన్, అంటే అరుగుదల, తీసేస్తాం. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. జనం మాత్రం నన్ను ఇంకుప్యాడ్ పట్టుకొచ్చిన గుమాస్తాలా చూస్తారు. ధర వాళ్లే మాట్లాడేసుకుంటారు, నేనొచ్చి ముద్ర వేసి పోవాలి!

ఆ రోజూ అదే వరస. బస్సు దిగేసరికి ఇల్లు కొనబోయే యాకోబు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్లు సున్నపురాయి క్వారీలో బెజ్జాలేసి పేలుడు మందు కూరిన మనిషి. మోకాళ్లు అరిగిపోయి పని మానుకున్నాడు. కంపెనీ క్వార్టర్స్ నెలాఖరుకి ఖాళీ చేయాలి. వెనకాల ఆయన భార్య మార్తమ్మ, పక్కన బ్రోకర్ శేషయ్య.

"ముప్పై ఎనిమిదికి మాటైపోయింది సార్. మూడు లక్షలు బయానా కూడా ఇచ్చా. మా పిల్ల టీచరు, లోను దాని పేరు మీద. మీరు ముప్పై ఎనిమిదని రాస్తేనే మాకు చాలినంత లోనొచ్చుద్ది."

నాకు అక్కడే మండింది. బయానా ఇచ్చాక వాల్యుయర్ని పిలవడమంటే మూడు ముళ్లూ వేసి జాతకం చూపించుకోవడమే. "ముందు పిలవాలని తెలవదా మీకు?" అన్నాను.

"మంచి రోజు దాటిపోద్దని శేషయ్యన్న తొందరపెట్టాడు సార్. మిగిలిన డబ్బులకి మా ఆడమనిషి పుట్టింటోళ్లిచ్చిన అరెకరం గూడా అమ్మేశాం. గురజాల కాడ మిరప పండే నేల."

అప్పుడే మార్తమ్మ నోరు తెరిచింది. "సారూ, ఈ నేల మాకొద్దు."

"నువ్వూరుకోయే," అన్నాడు యాకోబు.

నేనూ తక్కువేం తినలేదు. వారానికో ఇంట్లో ఇలాంటి మాట వినీ వినీ విసిగి ఉన్నాను. ఈశాన్యం పెరిగిందంటారు, వీధిపోటంటారు, ఎవరో ఉరేసుకున్నారంటారు. "వాస్తు నా పని కాదమ్మా, పంతుల్ని అడుక్కో," అనేశాను. ఆమె మెళ్లో సిలువ కనిపిస్తూనే ఉంది. అయినా అన్నాను. ఎండలో నా నోటికి మంచీ చెడూ ఉండదు.

ఇల్లు చూడ్డానికి ముచ్చటగా ఉంది, కాదనను. ఎనిమిదేళ్ల కట్టడం. ముందు వరండా, హాలు, వంటిల్లు, వెనక రెండు పడగ్గదులు. గోడలకి కొత్త పుట్టీ, పైన లేత గులాబీ రంగు, వాసనింకా పోలేదు. అమ్మబోయే ఇంటికి కొత్త రంగేశారంటే నేను ముందు రంగు కిందేముందో చూస్తాను. వెనక గది తలుపు అడుగున ఈ మధ్యే చిత్రిక పట్టారు, తెల్ల చెక్క కనబడుతోంది. గోడ మీద చర్చి క్యాలెండర్ ఒకటి, నడుమెత్తులో! క్యాలెండర్ ఎవరైనా నడుమెత్తులో తగిలిస్తారా? పక్కకి జరిపితే కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన పగులు, పుట్టీ పెట్టి మూశారు.

"ప్లాస్టరింగు పగులు సార్, ఎండలకి," అన్నాడు శేషయ్య.

సంచిలోంచి లెవెల్ పైపు తీశాను. మేస్త్రీలు వాడేదే, నీళ్లు నింపిన తెల్ల ప్లాస్టిక్ గొట్టం. రెండు చివర్లలో నీళ్లు ఒకే మట్టాన నిలుస్తాయి కాబట్టి నేల ఎక్కడ దిగిందో చెప్పేస్తుంది. ఓ కొస హాల్లో యాకోబు చేతికిచ్చి, రెండో కొస పట్టుకుని వెనక గదిలోకి వెళ్లాను. గది రెండున్నర అంగుళాలు దిగి ఉంది.

"అది దిగడం కాదు సార్," అన్నాడు శేషయ్య తడుముకోకుండా. "నీళ్లు పోవడానికి వాటమిచ్చారు."

"పడగ్గదిలో వాటమేందయ్యా? మంచాల మీద పడుకునే నీళ్లు పోసుకుంటారా?"

యాకోబుకి నవ్వు రాలేదు. పైగా నా మీదే గుర్రుమన్నాడు. వరండా ముందు కుళాయి గుంత దగ్గరికి లాక్కెళ్లి కాలితో తన్ని చూపించాడు. "చూడండి, రెండడుగుల్లో రాయి. ఇరవై ఆరేళ్లు రాయి కొట్టినోణ్ణి, కింద రాయున్నదీ లేనిదీ నాకు తెలవదా? దీని మీద పది అంతస్తులు లేపొచ్చు. మీరేందో పైపు పట్టుకొచ్చి భయపెడుతున్నారు!"

నిజమే, అక్కడ రాయే. అదే నా తలనొప్పి. ముందు సగం రాయి మీద నిక్షేపంలా ఉంటే, వెనక సగం ఎందుకు కుంగుతోంది? లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం చేతులు మారిన పాత దస్తావేజులన్నీ, వరండాలో పరుచుకుని చదివాను. మెట్ట భూమి, తర్వాత ప్లాట్లు. ఇంకేం లేదు. ఓ పక్క యాకోబు సణుగుడు, ఇంకో పక్క శేషయ్య "సంతకం పెట్టండి సార్, బస్సు టైమైంది" అని. ముప్పై ఎనిమిది కాదుగానీ ముప్పై ఒకటని రాసి పారేసి పోదామా అని కూడా అనిపించింది. ఉన్న మాట చెప్తున్నాను, అనిపించింది.

మంచినీళ్ల కోసం పెరట్లోకి వెళ్తే మార్తమ్మ ప్రహరీ పక్కన నిలబడి అవతలి వీధిలోకి చూస్తోంది. గ్లాసు చేతికిచ్చి అడిగింది. "సారూ, వాస్తు కాదుగానీ, ఒక మాట వింటారా?"

"చెప్పమ్మా." గొంతులో విసుగు నాకే వినిపించింది.

"ఆ గేదెల కొట్టం చూడండి. ఆ రాతిగోడలు కొట్టానియ్యి కాదు, మందుగది. క్వారీలో పేల్చే మందు దాంట్లో పెట్టేవాళ్లు. మా పెళ్లైన కొత్తలో ఈయనకి రోజూ కేరేజీ తెచ్చేదాన్ని. పేల్చి, ఈల వేసిందాకా దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఆ మందుగది నీడన కూర్చొని, ఎదురుగా ఉన్న గుంతలోంచి ఈయన ఎక్కొస్తాడా అని చూసేదాన్ని. ఆ గుంత ఇక్కడే సారూ. ఆ పడగ్గది కింద."

యాకోబు గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఛ! ఆ గుంత రైలుకట్ట వైపు కదే."

"నువ్వు గుంతలో ఉండేటోడివి. నీకు పైన ఆకాశం తప్ప ఏం కనబడింది? గట్టు మీద కూర్చుంది నేను."

ఆయన గేదెల కొట్టం వైపు చూశాడు. వెనక్కి తిరిగి ఇంటి వైపు చూశాడు. మోకాళ్లు పట్టుకుని అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు. "తవ్వింది నేనే సార్," అన్నాడు. "నా చేత్తో నేనే తవ్వా."

శేషయ్య మాత్రం తగ్గలేదు. "ఎప్పుడో పూడ్చేశారులే అన్నా, గట్టిపడిపోయింది."

"నీకు తెలుసా?" అన్నాను.

"అందరికీ తెలుసు సార్. అడిగితే చెప్పేవాణ్ణి."

వాడి గొంతు పిసకాలనిపించింది. సగం రాయి మీద, సగం చెత్తామట్టీ పోసి పూడ్చిన గుంత మీద కట్టిన ఇల్లది. ఇవాళ రెండున్నర అంగుళాలు, రేపెంతో ఎవరికి తెలుసు. సాయిల్ టెస్టు, అంటే బోరు వేసి కింద మట్టి ఏపాటి గట్టిదో చూసే పరీక్ష, చేయిస్తే తప్ప ఈ కట్టడానికి విలువ కట్టలేనని రిపోర్టు రాశాను. లోను రాలేదు. నెల రోజులు తిరిగితే బయానాలో సగం తిరిగొచ్చింది. అరెకరం డబ్బులు మాత్రం మార్తమ్మ పాస్‌బుక్కులోనే ఉండిపోయాయి. వాళ్లు అద్దింటికి మారారు.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు ఆమెని అడిగాను, ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని. "చెప్తానే ఉన్నా. ఈయన ఊరుకోమన్నాడు, మీరు పంతుల్ని అడుక్కోమన్నారు," అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. బస్సులో పిడుగురాళ్ల దాకా ఆ మాట నన్ను పొడుస్తూనే ఉంది. నా పైపు ఇల్లు కుంగిందని చెప్పిందిగానీ ఎందుకో చెప్పలేదు. చెప్పగలిగిన మనిషిని నేనే నోరు మూయించాను. ఆమె రెండోసారి నోరు తెరవకపోతే ముప్పై ఒకటని సంతకం పెట్టి వచ్చేసేవాణ్ణే. అప్పట్నుంచి టేపు తీయకముందే ఓ ప్రశ్న అడుగుతున్నాను, ఈ ఇల్లు వద్దంటున్నది మీలో ఎవరు, ఎందుకు అని. బ్రోకర్లకి నచ్చదు. నచ్చకపోతే పోనీ.

మరుసటేడు ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"సారూ, మార్తమ్మని. ఇంకో ఇల్లు చూశాం. బయానా ఇంకా ఇవ్వలేదు."

"మంచి పని చేశావమ్మా. ఎప్పుడు రమ్మంటావు?"

"ఎప్పుడైనా రండి. నేల నేను చూశా. మీరు గోడలు చూసి పోండి."